అయ్యవారు ఇంటికి వచ్చిన నాడు

జూన్ రెండవ వారమున మన యూళ్ళలో ఉదయపు వేళ వినవచ్చు ధ్వనులే మారిపోవును. వేసవి సెలవులలో ఎండ పొడిచిన తరువాత గాని కదలని వీధి ఆ దినమున ఏడింటికే మేల్కొనును. ఒక యింట క్రొత్త సంచి కొరకు వెదకులాట, మరియొక యింట జడలు వేయించుకొనుటకు పేచీ, ఇంకొక యింట వెక్కి వెక్కి యేడుపు. ఆ యేడుపే నేటి మా ప్రసంగమునకు విషయము. తొలిసారి బడికి పోవు బిడ్డ యేడ్చుట సహజమే యని పెద్దలు నవ్వి యూరకుందురు. కాని ఆ బిడ్డను ఆ దినమునకు సిద్ధపరచుటకై మన పూర్వులు ఏమి చేసిరి, ఆ పద్ధతి యేల సడలినది అని అడిగినచో చరిత్ర మనకు కొంత సమాధానము చెప్పగలదు. అందులో మనము గర్వింపదగినది కలదు; తల వంచుకొనదగినదియు కలదు.

ఈ విషయమున మనకు లభించిన వివరమైన సాక్ష్యము బళ్ళారి నుండి వచ్చినది. 1822 జూన్ 25వ తేదీన మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో ఒక మినిట్ వ్రాసి, ప్రతి జిల్లాలో బడులెన్ని, చదువుకొను పిల్లలెందరు, వారే వర్గములవారు అను లెక్కలు పంపవలసినదిగా కలెక్టరులను కోరెను. పెక్కుమంది పట్టికలు నింపి పంపి చేతులు దులుపుకొనిరి. బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ మాత్రము 1823 ఆగస్టు 17వ తేదీన పట్టికతో పాటు సుదీర్ఘమైన నివేదిక నొకటి పంపెను. నాటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురము ప్రాంతము గూడ చేరియుండెను. అనంతపురము వేరు జిల్లా యైనది 1882లో. ఈ కాంబెల్ మనకు క్రొత్తవాడు కాడు. 1816లో తెలుగు వ్యాకరణమును, 1821లో తెలుగు నిఘంటువును ఇంగ్లీషున ప్రకటించినవాడు ఇతడే. మన భాష తెలిసినవాడు గనుక మన వీధిబడి అరుగు మీద జరుగునది ఇతనికి కనబడినది, వినబడినది.

జిల్లాలో 533 బడులు, వానిలో 6,641 మంది పిల్లలు అని అతడు లెక్క తేల్చెను. అనగా బడికి పండ్రెండుగురు చొప్పున. ఆ 533లో కన్నడము చెప్పునవి 235, తెలుగు చెప్పునవి 226. ఇంగ్లీషు చెప్పు బడి జిల్లా మొత్తమునకు ఒక్కటియే. ఈ లెక్కలకు మరల వత్తుము. ముందుగా ఒక బిడ్డ బడిలో చేరు విధమును గూర్చి అతడు చెప్పినది చూతము.

పిల్లవానికి ఐదేండ్లు రాగానే, వానిని చేర్పింపదలచిన బడి అయ్యవారిని, ఆ బడిలోని పిల్లలనందరిని తల్లిదండ్రులు తమ ఇంటికి పిలిచెడివారట. వినాయకుని ప్రతిమ నొకటి నడుమ నుంచి అందరును దాని చుట్టు గుండ్రముగా కూర్చుండెడివారు. క్రొత్త పిల్లవాడు ప్రతిమకు సరిగా ఎదురుగా కూర్చుండును. అయ్యవారు వాని ప్రక్కనే కూర్చుండి, ధూపము వేసి, నైవేద్యము పెట్టి, బుద్ధి నిమ్మని దేవుని వేడుకొను ప్రార్థనను వానిచే పలికించును. పిమ్మట వాని వేలు పట్టుకొని బియ్యములో దేవుని నామము వ్రాయించును. తల్లిదండ్రులు తమ శక్తి కొలది ఇచ్చిన కానుక పుచ్చుకొని అయ్యవారు వెడలిపోవును. మరునాటి ఉదయము పిల్లవాడు బడికి పోవును.

ఇది మన అక్షరాభ్యాసమే గదా, ఇందులో క్రొత్త యేమున్నది అని శ్రోతలు అనుకొనవచ్చును. ఇందలి క్రమమును ఒక్కసారి గమనింపవలెనని మా మనవి. పిల్లవాడు బడికి పోకముందు బడియే పిల్లవాని యింటికి వచ్చినది. అయ్యవారి ముఖమును అతడు తొలుత చూచినది బెత్తముతో కాదు, తన యింటి చాప మీద, తన తల్లి పెట్టిన దీపము వెలుగున, తన ప్రక్కన. రేపు తనతో కూర్చుండబోవు పిల్లలందరు నేడు తన యింటి అతిథులు. పప్పుబెల్లములు పంచి పెట్టినచో వారి చేతులలో పెట్టినది తానే. తాను వ్రాసిన తొలి యక్షరము గూడ ఎరుగని వస్తువు మీద కాదు; అమ్మ ప్రతి దినమును చెరుగుచుండగా తాను చూచిన బియ్యములో. భయమునకు కారణము కాగల ప్రతిదానిని, అనగా క్రొత్త మనిషిని, క్రొత్త గుంపును, క్రొత్త పనిని, ఒక్కొక్కటిగా ఇంటి గడప లోపల పరిచయము చేసి, స్థలమొక్కటియే క్రొత్తదిగా మిగిల్చి మరునాటికి విడిచిపెట్టిరి. ఇది ఎవరో మనశ్శాస్త్ర గ్రంథము చదివి కల్పించిన విధానము కాదు. అయినను ఇంతకంటె మెలకువగా చేసిన యేర్పాటును మేము ఎరుగము.

ఐదవ యేట చదువు ప్రారంభించు అలవాటు ఎంత పాతదో చెప్పుట కష్టమే గాని, ఆ అలవాటు వంటివి మాత్రము చాల పూర్వమే కలవు. చౌలకర్మ, అనగా పుట్టువెండ్రుకలు తీయించుట, జరిగిన పిదప బాలుడు లిపిని, లెక్కను నేర్వవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము చెప్పుచున్నది. క్రీస్తుశకము ఏడవ శతాబ్దిలో మన దేశమునకు వచ్చిన చీనా భిక్షువు ఇత్సింగ్, ఇచ్చటి పిల్లలు ఆరవ యేట ‘సిద్ధము’ అను ప్రథమ పాఠమును ఆరంభించి ఆరు మాసములలో ముగింతురని వ్రాసెను. మన ‘ఓనమాలు’ అను మాటయందు శివుడు వినబడును. ఆ వెంటనే చదువు ‘సిద్ధం నమః’ లో జైనుల జాడ కనబడునని కొందరు పండితుల యూహ. ఇటు హైదరాబాదు పట్టణమున ముస్లిము కుటుంబములలో బిడ్డకు నాలుగేండ్ల నాలుగు మాసముల నాలుగు దినములు నిండగనే ‘బిస్మిల్లా’ పండుగ చేయుట ఆచారము. బంధువుల నడుమ పెండ్లికొడుకు వలె అలంకరించి కూర్చుండబెట్టి, గురువు చెప్పుచుండగా ఖురాను లోని తొలి మాటలను పలికింతురు. మతములు వేరైనను ఏర్పాటు ఒక్కటియే: గురువు ఇంటికి వచ్చును, పిల్లవాడు ఆనాటి కథానాయకుడగును.

ఇక మరునాటి సంగతి. ఇచ్చట మన పూర్వులను పొగడుట కొంచెము ఆపవలసియున్నది. బడికి వేళ ఉదయము ఆరు గంటలు. అందరికంటె ముందు వచ్చినవాని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురు, అది గౌరవము. రెండవవాని చేత సున్న. వానికి మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపై వచ్చు ప్రతివానికిని ఒక్కొక్క దెబ్బ హెచ్చు. కాంబెల్ లెక్క ప్రకారము బడికి పండ్రెండుగురు గదా. పండ్రెండవవాని గతి యేమో శ్రోతలే గణించుకొనవచ్చును. సోమరి యనిపించుకొన్నవానిని చేతులు కట్టి పైకప్పుకు వ్రేలాడదీయుటయు కలదు. మన పెద్దలు ‘కోదండము వేయుట’ అని చెప్పుకొనెడిది దీనినే. నిన్న ప్రక్కన కూర్చుండి వేలు పట్టి వ్రాయించిన చేతిలోనే నేడు బెత్తము! ఇంటి వద్ద అంత శ్రద్ధతో తుడిచిన భయమును బడి యరుగు మీద మరల ఇంత శ్రద్ధతో నేర్పుట ఏమి న్యాయమో మాకు బోధపడలేదు.

అయినను బోధన యందు ఒక సుగుణము కలదు. పాశ్చాత్యులు అక్షరముల పేర్లను వల్లింపజేసి పిమ్మట వ్రాయింపగా, మన బడిలో పిల్లవాడు ఇసుకలో వేలితో వ్రాయుచునే అక్షరమును నేర్చెడివాడు. తప్పు వ్రాసినచో అరచేతితో ఒక్కసారి చదును చేసిన చాలును. తప్పు జాడయే మిగులదు. వేలికి పట్టు కుదిరిన పిమ్మటనే తాటియాకు, గంటము. లేదా కాగితము, కలము. ఈ జిల్లాలలో హెచ్చుగా వాడినవి మాత్రము వేరు రెండు. ఒకటి మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు గల చెక్కపలక. దానికి అన్నమును, బొగ్గుపొడిని కలిపి పూసెడివారు. రెండవది గంజి పెట్టి మడతలు మడిచిన గుడ్డకు బొగ్గు, బంక కలిపి పూసి పుస్తకము వలె చేసినది. మనవారు కడితమని పిలిచినది ఇదియే. రెంటి మీదను తడిగుడ్డతో తుడిచి మరల వ్రాయవచ్చును. వ్రాయుటకు తెల్లని మట్టికొమ్ము వంటి బలపము. కాంబెల్ ఆ మాటను తన చెవికి తోచినట్లు ఇంగ్లీషు లిపిలో వ్రాసికొనెను గాని, మన పిల్లల చేతులలోని బలపమే అది.

ఈ ఇసుక సముద్రములు దాటిన కథ మరియు చిత్రమైనది. 1789లో మద్రాసు ఎగ్మూరున సైనికుల పిల్లల కొరకు ఏర్పడిన అనాథశరణాలయమునకు ఆండ్రూ బెల్ అను స్కాట్లండు మతాచార్యుడు పర్యవేక్షకుడుగా నుండెను. అతడొకనాడు గుఱ్ఱము మీద పోవుచు ఒక దేశీయ బడిలో పిల్లలు నేలపై కూర్చుండి ఇసుకలో వ్రాయుచుండుట చూచెను. తన శరణాలయములో గూడ అట్లే చెప్పవలెనని అతడు కోరగా, ఉపాధ్యాయులు అది అసాధ్యమనిరి. అంతట బెల్ ఎనిమిదేండ్ల బాలుని నొకనిని పిలిచి చిన్నపిల్లల తరగతిని వానికి అప్పగించెను. పెద్దలు కాదన్న పనిని ఆ బాలుడు చేసి చూపెను. బెల్ స్వదేశము చేరి 1797లో ఈ ప్రయోగమును గూర్చి పుస్తకము ప్రకటించెను. అటుపిమ్మట ఇంగ్లండులో వేలకొలది బీదపిల్లలు ఇసుక పోసిన బల్లల మీద వేలితో అక్షరములు దిద్దిరి. ముందు నేర్చినవాడు వెనుకవానికి నేర్పు ఈ పద్ధతికి అచ్చట ‘మద్రాసు పద్ధతి’ అనియే పేరు. ఇంగ్లండు దీనిని అనుకరించుట ఉచితమేనని కాంబెల్ గూడ ఒప్పుకొనెను.

అతడు ఒప్పుకొననిది ఒకటి కలదు. పిల్లలు కంఠస్థము చేయు పద్యముల భాష వేరు, వారు ఇంట మాటలాడు భాష వేరు. అర్థము తెలియకయే చిలుకల వలె వల్లించుచున్నారని అతడు నిష్ఠురముగానే వ్రాసెను. ఇరువదవ శతాబ్దిలో వాడుకభాషకై జరిగిన వివాదములను ఎరిగిన మనకు ఈ విమర్శ పరాయివాని మాటగా తోచదు.

ఇప్పుడు లెక్కలకు మరల వత్తుము. 6,641 మందిలో హిందువుల పిల్లలు 6,398. ముస్లిముల పిల్లలు 243. ఆ 6,398 మందిలో ఆడపిల్లలు అరువదిమంది. ముస్లిముల పిల్లలలో ఒక్క ఆడపిల్లయు లేదు. జిల్లా జనసంఖ్య 9,27,857. అనగా వినాయకుని యెదుట బియ్యములో వేలు పెట్టిన బిడ్డను గూర్చి మనము ఇంతవరకు చెప్పుకొన్న అందమైన కథ వేయి మంది జనములో ఏడుగురిది గూడ కాదు. మాల మాదిగ వాడలకు ఆ అయ్యవారు పోలేదు. ఆ వాడల పిల్లలు ఆ యరుగు ఎక్కలేదు. అరుగు క్రింద నిలిచి లోపలి ఓనమాలు విన్న పిల్లలెందరో ఏ కలెక్టరు పట్టికలోను లేరు. ఆడపిల్లల కొరకు కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున పాఠశాల పెట్టునప్పటికి 1874వ సంవత్సరము వచ్చినది.

ఇండ్లలోనే చదువుకొనువారిని ఈ పట్టికలలో చేర్చలేదని మన్రో 1826 నాటి తన మినిట్‌లో చెప్పెను. మద్రాసు పట్టణమున బడిలో చదువువారికంటె ఇంట చదువువారు ఐదు రెట్లకు పైగా ఉన్నట్లు కలెక్టరు పంపిన లెక్క. అందులో పొరపాటు ఉండవచ్చునని మన్రోకే అనుమానము. ఎట్లు చూచినను తల్లిదండ్రులే బిడ్డకు తొలి గురువులైన యిండ్లు చాల ఉండెననుట నిజము.

ఉన్న బడులు గూడ సన్నగిల్లుచుండెను. పూర్వము బడియున్న గ్రామములు పెక్కింటిలో ఇప్పుడు బడి లేదని, 533 బడులలో ఒక్కదానికైనను ప్రభుత్వ సహాయము లేదని చెప్పుటకు తాను సిగ్గుపడుచున్నానని కాంబెల్ భావము. కారణమును గూడ అతడు దాచలేదు. ఇంగ్లండు నుండి వచ్చిన మిల్లుబట్టలు మన నేతపనివారి కూడు తీసినవి, దేశము పేదదైనది, అయ్యవారికి ఇచ్చుకొనలేక తల్లిదండ్రులు బిడ్డలను పనికి పంపుచున్నారు. ఏలినవారి ఉద్యోగి యొకడు ఏలినవారికే ఇట్లు వ్రాసెననుట గమనింపదగినది. బిడ్డను బడికి సిద్ధపరచుట యనగా ధూపము, బియ్యము మాత్రమే కాదు. ఆ బియ్యము ఇంటిలో నుండవలెను గదా.

తరువాతి కథను త్వరగా చెప్పుదుము. 1854 నాటి విద్యా శాసనపత్రము తరువాత గ్రాంటుల పద్ధతి వచ్చినది. పరీక్షలో ఎందరు పిల్లలు తేరినచో అంత సొమ్ము అను నియమము గూడ కొంతకాలము నడచినది. ఇన్‌స్పెక్టరు వచ్చు దినము ఊరికి పండుగయో పరీక్షయో తెలియని స్థితి. అరుగు పోయి కట్టడము వచ్చినది, ప్రహరీ వచ్చినది, గేటు వచ్చినది. అక్షరాభ్యాసము మాత్రము పోలేదు. ఏటేట వసంతపంచమికి బాసరలో గోదావరి యొడ్డున సరస్వతి సన్నిధిని తల్లిదండ్రులు బారులు తీరుదురు. కాని అందులో ఒక మార్పు జరిగినది. దానిని మనము గమనించినట్లు లేదు. ఆనాడు పిల్లవాని వేలు పట్టినవాడు రేపు వానికి చదువు చెప్పబోవు అయ్యవారు. నేడు పట్టునది పురోహితుడు, లేదా తండ్రి. సంస్కారము మిగిలినది, పరిచయము జారిపోయినది.

ఆ జారిపోయినదానిని వెదకినవారు లేకపోలేదు. గుజరాతులో గిజుభాయి బధేకా 1920లో భావనగరమున బాలమందిరము నెలకొల్పి, భయము లేని చదువు సాధ్యమని చూపెను. 1939లో మరియా మాంటిసోరీ మద్రాసునకు వచ్చి, యుద్ధకారణమున 1946 వరకు మన దేశముననే యుండి వందలకొలది ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. ఆమె పిల్లలు గరుకు కాగితముతో చేసిన అక్షరములను వ్రేళ్ళతో తడిమి నేర్చుకొనెడివారు. వీధిబడి ఇసుకకును ఆ గరుకు కాగితమునకును చుట్టరికము కలదని మేము చెప్పజాలము. వ్రేలు నేర్చినది కన్ను మరువదను అనుభవము మాత్రము రెంటికిని ఒక్కటియే.

మా రేడియో స్టేషనులోని చిన్న సంగతి నొకటి చెప్పుట కిది సమయము. పిల్లల కార్యక్రమమునకు ఒకమారు ఐదేండ్ల బాలిక వచ్చినది. బయట వసారాలో పాటను గంటకొట్టినట్లు పాడినది. స్టూడియో తలుపు మూసి ఎఱ్ఱదీపము వెలిగించగానే నోరు పెగలలేదు. మేము బుజ్జగించితిమి, బిస్కత్తు ఇచ్చితిమి, తుదకు కొంచెము విసుగుకొంటిమి గూడ, ఫలము లేదు. మాతో పనిచేయు పెద్దావిడ ఒకరు వచ్చి ఆ బిడ్డను ఎత్తుకొని మైకును తాకనిచ్చి, దీపమును దానిచేతనే రెండుసార్లు ఆర్పించి వెలిగింపజేసినది. మూడవసారి దీపము వెలిగినప్పుడు పాట వచ్చినది. అయ్యవారిని ముందుగా ఇంటికి పిలిచిన తల్లిదండ్రుల తెలివి మాకు ఆనాడు అర్థమైనది. మా విసుగు మాకే సిగ్గు తెచ్చినది.

“అల్లరి చేసినచో బడిలో పడవేసెదను” అను బెదరింపు మన యిండ్లలో ఇంకను వినబడుచునే యున్నది. వేసవి పొడుగున బడిని శిక్షగా చెప్పి, జూన్‌లో బహుమానముగా నమ్ముమనిన బిడ్డ యెట్లు నమ్మును? బడి తెరువకముందే ఒకనాటి సాయంకాలము బిడ్డను వెంటబెట్టుకొని ఆ దారిన నడచి, నీళ్ళకుండ యెక్కడ, మరుగుదొడ్డి యెక్కడ అని చూపి, చేతనైనచో ఆ ఉపాధ్యాయురాలి చేత పేరు పెట్టి పిలిపించుటకు సొమ్మేమియు అక్కరలేదు. మూడేండ్ల బిడ్డను కుర్చీలో కూర్చుండబెట్టి ప్రశ్నలడిగి చేర్చుకొను బడులు మాత్రము ఈ పనికి అడ్డు. 2009 నాటి విద్యాహక్కు చట్టము పదమూడవ సెక్షను ప్రవేశమునకు బిడ్డకు గాని తల్లిదండ్రులకు గాని పరీక్ష పెట్టరాదని స్పష్టముగా చెప్పినది. చట్టము తెలిసిన తల్లిదండ్రులే ఇంట ఆ ప్రశ్నలకు బదుళ్ళు వల్లింపజేయుచున్నారు!

1975 అక్టోబరు 2న ఆరంభమైన శిశు అభివృద్ధి పథకముతో అంగన్‌వాడీలు వచ్చినవి. పూర్వము అరుగు ఎక్కని వాడలలోనికి ఆట, పాట, అన్నము కలిసి చేరినవి. తెలంగాణమున బడిబాట అను పేర ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులు జూన్‌లో ఇల్లిల్లు తిరిగి బడియీడు పిల్లల పేర్లు వ్రాసికొనుచుందురు. పేర్లు వ్రాసికొన్న తరువాత కొన్ని బడులలో సామూహిక అక్షరాభ్యాసము గూడ జరుగును. వరుసగా పళ్ళెములు, పళ్ళెములలో బియ్యము. ఆడపిల్లలు, మగపిల్లలు అన్ని వాడలనుండి వచ్చి ప్రక్కప్రక్కన కూర్చుందురు. వ్రేలు పట్టి వ్రాయించునది మాత్రము మరునాడు వారికి చదువు చెప్పబోవు పంతులమ్మయే.